కెరటం మామూలు

జ్యేష్ఠం, సోమవారం
గాలి: నైరుతి. దీపం: పచ్చ. కెరటం: మామూలు.

ఈ దినచర్యలో గాలి, కెరటం తప్ప మరేమీ రాయొద్దని ఒడ్డు కేంద్రం వాళ్ళు నాకు ఇప్పటికే చాలాసార్లు చెప్పారు. "ఇంటి సంగతులు ఇంట్లో పెట్టుకోండమ్మా" అన్నారు. ఇల్లూ మైకూ ఒకే గదిలో ఉన్న మనిషికి ఆ రెండూ విడదీయడం ఎలా కుదురుతుందో వాళ్ళే చెప్పాలి. పొయ్యి ఇటు మూల, దీపం అటు మూల, మధ్యలో గాలిమర కంబం నేలలోంచి కప్పులోకి నిలువునా పోతుంది. రెక్కలు తిరిగినంతసేపూ కంబం మూలుగుతుంది. అన్నం గిన్నె దానికి ఆనించి పెడితే మూత గలగలమంటుంది. ఆ మూలుగు ఆగిన రోజున నాకు నిద్ర పట్టదు.

నా పేరు పైడితల్లి. నడిసముద్రంలో ఉన్న ఏడో మరకి, దాని కంబం చుట్టూ కిందవాడ, పైవాడ అని రెండంతస్తులుగా ఉన్న మా ఊరికి, కెరటం చెప్పే మనిషిని. పొద్దున్నే దూరాన నీళ్ళలో తేలే బుంగ ఒకటి కెరటం ఎత్తు కొలిచి పంపుతుంది. నా గదిలోని పెట్టె దాన్ని మామూలు ఎత్తుతో పోల్చి చూస్తుంది. మామూలుకి లోపలుంటే పచ్చ దీపం, దాటితే ఎర్ర దీపం. నేను దీపం చూసి, కిటికీలోంచి నీళ్ళూ చూసి మైకులో చెబుతాను. యంత్రం గొంతు చెబితే జనం వినిపించుకోవడం లేదని పాతరోజుల్లోనే ఈ పనికి మనిషిని పెట్టారు. నేను "కెరటం మామూలు" అనగానే కిందవాడ తలుపులు తెరుచుకుంటాయి, పడవలోంచి బియ్యం అందుకునే బుట్ట దిగుతుంది, కంబం శుభ్రం చేసే ఈతగాళ్ళు నడుముకి తాళ్ళు కట్టుకుంటారు. "మామూలు కాదు" అంటే అన్నీ ఆగిపోతాయి, నన్ను తిట్టడం ఒక్కటే సాగుతుంది.

ఇవాళ పనులన్నీ సాగాయి. సాయంత్రం కిందవాడకి దిగి చెల్లెల్ని చూసి వచ్చాను. బంగారి ఇల్లు గాలి కొట్టే వైపు చిట్టచివరిది. నేల పలకల సందుల్లోంచి నీళ్ళు చిమ్మి పక్కంతా తడిసిందని దులుపుతోంది. పొయ్యి కింద ఇంకో వరస ఇటుకలు పేర్చింది. బియ్యం డబ్బా వేలాడదీసింది. చంటిదాని ఉయ్యాల తాడు కురచ చేసి కప్పు కొక్కేనికి ఎగబెట్టి కట్టింది.

"ఇదేటే, నీ నెత్తి మీదికి కట్టేవు? గుంటని ఎలాగ అందుకుంటావు?" అన్నాను.

"పీటెక్కి అందుకుంటాను. మామూలేలే అప్పా, ఈ కాలంలో ఇలాగే ఉంటాది గదా."

"పోయినేడు పీటెక్కేవేటి?"

"పోయినేడు గుంట పుట్టనేదు" అని నవ్వింది. దాని మాటకి నాకూ నవ్వొచ్చింది.

జ్యేష్ఠం, శుక్రవారం
గాలి: నైరుతి, జోరు. దీపం: ఎరుపు. కెరటం: మామూలు కాదు.

బియ్యం పడవ వచ్చి చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. పడవ సరంగు బంగారి మొగుడే. దూరం నుంచే చెయ్యి ఊపాడు. అది ఊపలేదు, నా మీద కోపం మొగుడి మీద చూపించింది. రాత్రికి అందరిళ్ళలోనూ ఎండుచేపల పులుసు.

జ్యేష్ఠం, శనివారం
గాలి: నైరుతి, జోరు. దీపం: పచ్చ. కెరటం: మామూలు.

నిన్న ఎర్ర దీపం, ఇవాళ పచ్చ దీపం. కెరటం మాత్రం నిన్నటి కెరటమే. కిందవాడ నిచ్చెన ఏ మెట్టు దాకా నిన్న తడిసిందో అదే మెట్టు దాకా ఇవాళా తడుస్తోంది. పెట్టె చెడిందనుకుని నెత్తిన ఒకటి మొట్టాను. పచ్చగానే ఉంది. ఒడ్డు కేంద్రంలో మా మర చూసుకునే సుదర్శనం గారిని రేడియోలో పిలిచాను.

"పెట్టె బాగానే ఉందమ్మా. ఇవాళ్టి నుంచి మామూలు మారింది" అన్నాడాయన.

"మామూలు మారడమేటండి?"

ఆయన ఓపిగ్గా చెప్పాడు. మామూలంటే గడిచిన ముప్పై ఏళ్ళ సగటట. పదేళ్ళకోసారి వెనకటి పదేళ్ళు తీసేసి, కొత్త పదేళ్ళు కలిపి మళ్ళీ కడతారట. ఎండకీ వానకీ కూడా అంతేనట. ఇందులో ఎవరి మోసమూ లేదు, ఎప్పటినుంచో ఉన్న పద్ధతి.

"మరి ఏటేటా కెరటం పెరుగుతుంటేనండి?"

"మామూలు కూడా దాని వెనకాలే పెరుగుతుంది."

తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: "నైరుతి గాలి ముందొస్తోంది, ఆలస్యంగా పోతోంది, జోరుగానూ వీస్తోంది. రోజువారీ కెరటం కొంచెమే పెరిగింది. ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద కెరటం చాలా పెరిగింది. నా దగ్గర పాత లెక్కలున్నాయమ్మా, పంపిస్తాను. దీపం వాటిని చూడదు. మీరు చూడొచ్చు. నిబంధనల్లో మనిషి మాటే చివరి మాట అని ఉంది."

మంచివాడే. కానీ చివరి మాట నాది కావడం నాకేమీ సంతోషంగా లేదు. నిబంధనల్లో ఇంకోటి కూడా ఉంది. వరసగా మూడు రోజులు "మామూలు కాదు" అంటే కిందవాడ నివాసానికి పనికిరాదని లెక్క. ఖాళీ చేయించి, తలుపులు మూసేసి, అక్కడివాళ్ళని కొండల కింద శిబిరానికి పంపేస్తారు. మూసిన వాడని మళ్ళీ తెరవరు. ఎర్ర దీపం రెండు రోజులుంటే మూడో రోజు పొద్దున్న ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి నా గొంతు కోసం చూస్తుంది. ఇప్పటిదాకా మూడో రోజు ఎప్పుడూ పచ్చ దీపమే వచ్చింది.

రెండు రోజులుగా గాలి జోరు మీద ఉంది కాబట్టి మా కరెంటు అందుకునే ఒడ్డు ఊళ్ళలో పండగలా ఉంటుంది. రెక్కల్ని తిప్పే గాలే కెరటాన్నీ లేపుతుంది. మేం బతికేది దాని మీదే, భయపడేదీ దానికే.

జ్యేష్ఠం, ఆదివారం
గాలి: నైరుతి. దీపం: పచ్చ. కెరటం: మామూలు.

సుదర్శనం గారు పంపిన లెక్కలు పట్టుకుని పైవాడ మీద సమావేశం పెట్టించాను. చదివాను. ఒకాయన ఆవలించాడు. ఇద్దరు ముగ్గురు లేచి వల సర్దుకోవడానికి వెళ్ళిపోయారు. "మా తాతలకాడి నుంచీ ఇంతే" అన్నాడొకడు. వాడి తాతని నేనెరుగుదును, వాడెరగడు.

బంగారి మాత్రం కూర్చోలేదు. చంటిదాన్ని చంకనేసుకుని అందరి ముందూ అడిగింది.

"మా కొంపలు మూయించితే నీకేటొస్తాదప్పా? నీది పైవాడ, నీకు తడవదు. ఆ కొండల్లోకెల్లి నానేటి సెయ్యాలి? ఒడ్డు మీద రెండడుగులేత్తే నాకు కళ్ళు తిరుగుతాయి. నీకు తెల్దేటి?"

తెలుసు. దానికీ నాకూ పుట్టుకే ఇక్కడ. కదలని నేల మీద నిలబడితే మా ఇద్దరికీ వాంతులవుతాయి.

మా అత్త కాసులమ్మ అందుకుంది. గంగమ్మకి కళ్ళు పెట్టేది ఆవిడే. "అమ్మ ఏటేటా ఎదుగుతన్నాది. ఎదిగే తల్లి పిల్లల్ని ముంచుతాదేటే? నోర్ముయ్యి" అంది. ఇంటికొచ్చాక నా చేతి అన్నం తినలేదు. కోపమొచ్చినప్పుడల్లా అలాగే చేస్తుంది, ఆకలేసినప్పుడు మళ్ళీ మామూలవుతుంది.

ఒడ్డు కేంద్రంలో ఇది చదివే కొత్తవాళ్ళ కోసం రాస్తున్నాను. మా గంగమ్మకి విగ్రహం లేదు, కంబమే అమ్మ. ఏటా ఆషాఢ పున్నమికి కంబం మీద తూర్పు వైపున ఇత్తడి కళ్ళ జత ఒకటి బిగిస్తాం. ఎక్కడ పడితే అక్కడ కాదు. అమ్మ కంట్లో నీళ్ళు పడకూడదు. అందుకని ఆ ఏడు తుంపర ఎంతవరకూ తడిపిందో చూసి, తడి ఆగిన చోటుకి మూరెడు పైన బిగిస్తాం. రెండు జతల కళ్ళు ఒకేసారి తెరుచుకుని ఉండకూడదు గనక పాత కళ్ళ మీద గుల్లసున్నం మెత్తుతాం. దాన్ని అమ్మని నిద్రపుచ్చడం అంటాం. ఈతగాళ్ళు కంబానికి పట్టిన గుల్లలన్నీ గోకుతారు గానీ, ఆ తూర్పు పట్టెని మాత్రం ముట్టుకోరు. దాని మీద సున్నమూ గుల్లలూ కలిసి అరచెయ్యి మందాన పేరుకున్నాయి. ఏటా కళ్ళు కాస్త పైకి వెళుతుంటాయి. అందుకే మాది ఎదిగే అమ్మ అని చుట్టుపక్కల మరలన్నిటికీ గొప్పగా చెప్పుకుంటాం. అప్పుడప్పుడూ ఒక ఏడు కళ్ళు కిందికి దిగితే అమ్మ అలిసి కూర్చుంది అనుకుంటాం.

ఆషాఢం, బుధవారం
గాలి: నైరుతి, జోరు. దీపం: పచ్చ. కెరటం: మామూలు.

నేను మైకు కట్టేసి, పప్పు పొయ్యి మీద పెట్టిన కాసేపటికి కింద నుంచి అరుపులు వినిపించాయి.

ఒకే ఒక్క కెరటం. దాని ముందువీ వెనకవీ ఎప్పటిలాంటివే. అదొక్కటి లేచి కిందవాడని అడుగు నుంచి కొట్టింది. బంగారి ఇంట్లో మూడు పలకలు ఊడి కప్పుకి తగిలాయి. నేను వెళ్ళేసరికి బంగారి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. పొయ్యి లేదు, పీట లేదు. నేలలో ఉన్న కంతలోంచి సముద్రం కనిపిస్తోంది. పైన ఉయ్యాల ఇంకా ఊగుతోంది. అడుగుబట్టలోంచి ఉప్పునీళ్ళు ధారగా కారుతున్నాయి. లోపల పిల్ల వేళ్ళు చీకుతూ నా వైపు చూసింది. దానికి జలుబు కూడా చేయలేదు.

ఆ ఉయ్యాల తాడు కురచ చెయ్యకముందు ఉన్నచోటే ఉండి ఉంటే ఏమయ్యేదో నాకూ తెలుసు, బంగారికీ తెలుసు. ఇద్దరం ఆ మాట అనుకోలేదు. నా గొంతే పొద్దున్న "మామూలు" అంది. ఆ మాట విని అది పొయ్యి ముట్టించింది.

"రేపటికి పలకలు బిగించేత్తారులే" అంది బంగారి చివరికి. ఏడవలేదు. అది ఏడిస్తే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆషాఢం, శుక్రవారం
గాలి: నైరుతి. దీపం: పచ్చ. కెరటం: మామూలు.

మా ఆయన దానయ్య గుల్లలు గోకే ఈతగాడు. మధ్యాహ్నం పనిలోంచి ముందే వచ్చేశాడు. తల తుడుచుకోకుండా గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. వాళ్ళమ్మ తెర వెనక కునుకు తీస్తోందని రూఢి చేసుకుని గొంతు తగ్గించాడు.

"ఒలే పైడీ, నావల్ల తప్పు జరిగిపోనాది. పాట్లో నీరు తీసినప్పుడు పార జారిపోయి అమ్మ పట్టెకి తగిలింది. పెచ్చు ఊడిపోనాది. లోపల్నుంచి కన్ను నన్నే సూత్తన్నాది."

"ఎక్కడ?"

"కెరటాలు తగిలే కాడ. కిందవాడకి బాగా కింద."

"కెరటం తగిలే కాడ కన్నేటి? తడి తగలని చోట కదా పెడతారు."

ఆయన నా మొహంలోకి చూశాడు. అమ్మ నిద్ర చెడగొట్టానన్న భయంలో ఆ మాట ఆయనకి తట్టలేదు. నాకు తట్టింది. ఎవరో ఒకరు, మా అత్తకి అత్తో, ఆవిడకి అత్తో, అక్కడ నిలబడి చూసి, ఇక్కడికి తుంపర రాదు అనుకుని ఆ కన్ను బిగించారు. నీటి మట్టం పెరగడం మాకు తెలియనిది కాదు. దానికి కంబం మీద ఇనుప గీతలు వేరే ఉన్నాయి, అది మోకాలెత్తుకి మించదు. మిగిలిన ఎత్తంతా కెరటానిది. అంటే గాలిది.

"ఎంత కిందన?" అని మళ్ళీ అడిగాను.

"కిందవాడ నేలకి నా రెండు నిలువులు కిందన" అన్నాడు.

ఆషాఢం, ఆదివారం
గాలి: నైరుతి. దీపం: పచ్చ. కెరటం: మామూలు.

రెండు రోజులు నానబెట్టి, ఇవాళ అత్తకి చెప్పాను. ఆవిడకి ఇష్టమని పీతల పులుసు పెట్టి, సగం తిన్నాక మొదలుపెట్టాను. పట్టె మొత్తం గోకించి, అడుగు నుంచి అన్ని కళ్ళూ జనానికి చూపించాలన్నాను.

"నిద్దరోతున్న అమ్మని లేపుతానంటావేటే? నీకు మతి పోనాదేటి?" అని చెయ్యి కడిగేసుకుంది. కొడుకు తల వంచుకున్నాడు. నేను వంచలేదు. మా ఇద్దరిదీ ఎప్పుడూ అంతే.

"సరే, గోకించనులే. ఒక్కటి సెప్పు అత్తా. నువ్వు కొత్త కోడలిగా వచ్చినేడు కళ్ళు ఎలాగ పెట్టావు?"

"మా అత్త సెయ్యట్టుకుని సూపించింది. కిందవాడ నేల మీద కూకుని పెట్టినాను."

"తరవాత?"

"నడుం కాడ పెట్టినాను. పిల్లలు పుట్టినాక. ఆ తరవాత గుండెల కాడ."

"ఇప్పుడు?"

ఆవిడ పులుసు గిన్నె వైపు చూసింది.

"రెండేళ్ళబట్టి పీటెక్కి పెడతన్నాను" అంది మెల్లగా. "ఎవులికీ సెప్పనేదు. అమ్మ కొంచిం ఎదుగుతన్నాది, నాను కొంచిం కుంచించుకుపోతన్నాననుకున్నాను. ముసిల్దాన్ని కదా."

దానయ్య నవ్వబోయి మానేశాడు. నేను లేచి ఆవిడని తలుపు చెక్క దగ్గర నిలబెట్టాను. ఆవిడ కాపరానికొచ్చిన రోజున మావగారు సరదాకి పెళ్ళాం ఎత్తు గీసిన గీత ఆ చెక్క మీద ఇంకా ఉంది. అత్త నెత్తి ఆ గీతకి రెండు వేళ్ళు తగ్గింది. అంతే.

ఆవిడ ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడింది. తర్వాత పీట మీద కూలబడింది.

"అమ్మ ఎదగడం నేదే పైడీ" అంది. "అమ్మ నీళ్ళకి బయపడి పైకి పారిపోతన్నాది. మనం పసుపు రాసి పండగ సేత్తన్నాం."

నేను దగ్గర కూర్చున్నాను. ఇన్నేళ్ళలో నేనావిడ చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

ఆషాఢ పున్నమి
గాలి: నైరుతి. దీపం: పచ్చ. కెరటం: మామూలు.

పొద్దున్నే పాటు తియ్యగానే మొదలుపెట్టారు. అడ్డుపడిన వాళ్ళు లేకపోలేదు. అత్త తన చేత్తో మొదటి పెచ్చు ఊడదీసేసరికి వాళ్ళు నోరెత్తలేదు. దానయ్యా మరో ఇద్దరూ తాళ్ళ మీద వేలాడుతూ అడుగు నుంచి పైకి గోక్కుంటూ వచ్చారు. సున్నం ముద్దలు నీళ్ళలో పడి తెల్లగా విడిపోయాయి. ఒక్కొక్క జతే బయటపడింది. కింది కళ్ళు నల్లబడిపోయాయి, పై కళ్ళలో ఇంకా మెరుపుంది. ఊరంతా కిందవాడ అంచున నిలబడి చూసింది.

నేను ఊహించింది ఎత్తు వరకే. సందుల సంగతి నాకు తట్టలేదు. అడుగున జతకీ జతకీ మధ్య వేలెడు సందు కూడా లేదు. కొన్నిచోట్ల ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి, కొన్ని కిందికి దిగి మళ్ళీ ఎక్కాయి. పైకి వస్తున్నకొద్దీ ఆ దిగడం తగ్గిపోయింది, సందు పెరిగింది. రెండు వేళ్ళు, నాలుగు వేళ్ళు. ఈమధ్యవాటికి జానెడు. ఆ పైన ఖాళీ కంబం, దాని వెనక బంగారి ఇంటి కప్పు.

సమావేశంలో ఆవలించినాయన ఇవాళ ఆవలించలేదు. జానతో పై సందు కొలిచి, చెయ్యి అలాగే ఖాళీ కంబం మీదికి జరిపి, ఇంకో జాన జరిపి ఆగిపోయాడు. అయినా మాటలు మొదలయ్యాయి. ఇంకా చాలా ఏళ్ళు పడుతుందని ఒకరు, ఒక మంచి ఏడు వస్తే అమ్మ మళ్ళీ కూర్చుంటుందని ఒకరు. బంగారి పిల్లని తీసుకుని ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

కొత్త కళ్ళు అత్త చేతిలోనే ఉండిపోయాయి. ఎక్కడ బిగించాలో తోచడం లేదంది. పాతవాటి మీద సున్నం మాత్రం మెత్తనివ్వలేదు.

ఆషాఢం, పున్నమి మర్నాడు
గాలి: నైరుతి, జోరు. దీపం: పచ్చ. కెరటం: మామూలు కాదు.

దీపం పచ్చగా ఉండగా నేను ఇలా చెప్పడం ఇదే మొదలు. సుదర్శనం గారు రేడియోలో "విన్నానమ్మా" అని ఊరుకున్నాడు.

ఆ మర్నాడు
గాలి: నైరుతి. దీపం: పచ్చ. కెరటం: మామూలు కాదు.

నిచ్చెన దగ్గర ఎదురుపడినవాళ్ళు పక్కకి తిరిగి దారిచ్చారు. బంగారి కనిపించలేదు.

మూడో రోజు

తెల్లారి లేచేసరికి కంబం మూలగడం లేదు. కిటికీ తీశాను. గాలి లేదు. నీళ్ళు నూనె పోసినట్టున్నాయి. కిందవాడ నిచ్చెన అడుగు మెట్టు కూడా తడవలేదు. దీపం ఎంత పచ్చగా ఉందంటే దాన్ని చూస్తే నాకు అసహ్యం వేసింది.

ఇలాంటి రోజున "మామూలు" అనడం తేలిక. ఎవరూ తప్పు పట్టరు. మూడు రోజుల లెక్క తెగిపోతుంది, నా చెల్లెలు నా కింద వాడలోనే ఉంటుంది, సాయంత్రం నేను దిగి వెళ్ళి దాని చేతి టీ తాగొచ్చు. నాకు అదే కావాలి. మైకు పట్టుకుని అలాగే కూర్చున్నాను. మైకు మీద ఉప్పు తుడిచాను, మళ్ళీ తుడిచాను.

తలుపు తోసుకుని బంగారి వచ్చింది. చంకలో పిల్ల, చేతిలో ఉయ్యాల తాడు.

"కొక్కెం కాడి నుంచి నేల దాకా కొలిసినాను" అంది. "ఆ తాడు కంబానికి పెట్టి సూసినాను. అమ్మ కళ్ళకి పైన ఇంకొక్క ఏటి సందే ఉన్నాదప్పా. ఆ పైది నా కొక్కెమే. ఇంక నాను దీన్ని ఎక్కడ కట్టాల?"

"ఇయాల సముద్రం ఎలాగున్నాదో సూసేవేటి?" అన్నాను.

"సూసినాను. ఇయాల్టికి సెప్పమని ఎవులడిగేరు?" తాడు నా ఒళ్ళో పెట్టింది. "నీ నోట మామూలని విని పొయ్యి ఎలిగించుకున్నాను, ఆ రోజున. ఈ రోజున కూడా నువ్వు సెప్పిందే వింటాను. సెప్పెయ్యి."

మైకు నొక్కాను.

గాలి లేదు. దీపం పచ్చ. కెరటం మామూలు కాదు.

కింద ఎక్కడో ఎవరో ఒకావిడ ఏడవడం మొదలుపెట్టింది. బంగారి నా భుజం మీద తల పెట్టుకుంది. అది చిన్నప్పుడు కూడా ఎక్కువసేపు పెట్టుకునేది కాదు.

శ్రావణం, గురువారం
గాలి: నైరుతి. దీపం: పచ్చ.

ఇవాళ కిందవాడ చివరి కుటుంబాలు బుట్టలో దిగాయి. పడవ సరంగు తన పెళ్ళాం పిల్లల్ని తనే ఎక్కించుకుని తీసుకుపోయాడు. బంగారి వెనక్కి తిరిగి చూడలేదు, ఒడ్డు కనిపిస్తుందేమో అని ముందే కళ్ళు మూసుకుంది. ఉయ్యాల తాడు నా దగ్గరే వదిలేసింది. శిబిరంలో దూలాలు తక్కువ ఎత్తట, అంత పొడుగు తాడు అక్కర్లేదట.

సాయంత్రం అత్త కొత్త కళ్ళు పట్టుకుని మా గదిలోకి వచ్చింది. జనం లేని వాడలో అమ్మకేం పని అంది. పీట వేయబోతే వద్దంది. కంబం దగ్గర నిలబడి, చెయ్యి ఎత్తకుండా, తన కంటి ఎదురుగా బిగించింది. కంబం మూలిగినప్పుడల్లా ఆ ఇత్తడి కళ్ళు సన్నగా అదురుతున్నాయి. అన్నం వండుతున్నంతసేపూ నా వీపు వైపే చూస్తున్నాయి.

పైవాడకి పైన ఇంకో వాడ లేదు. ఆ పైన రెక్కలే ఉన్నాయి.

భాద్రపదం, మంగళవారం

ఇవాళ మధ్యాహ్నం కిందవాడ పోయింది. తుఫాను కాదు. మబ్బు కూడా పెద్దగా లేదు. పొద్దున్నించీ గాలి జోరుగా ఉంది, అంతే. ఒక కెరటం వచ్చి పలకలన్నీ లేపేసింది, దాని వెనక ఇంకొకటి వచ్చి గోడలు ఊడ్చుకుపోయింది. బంగారి ఇల్లున్న చోట రెండు ఇనుప దూలాలు, ఒకదానికి వేలాడుతూ ఉయ్యాల కొక్కెం మిగిలాయి. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. వెనక్కి తిరిగి చూస్తే దీపం పచ్చగానే ఉంది.

సుదర్శనం గారిని అడిగితే శిబిరానికి రేడియో కలిపాడు. బంగారి వచ్చింది. చెప్పాను.

"కిందన ఎవులైనా ఉన్నారేటి?" అని అడిగింది. తనకి తెలిసిందే అడిగింది.

"ఎవులూ నేరు."

"ఎవులూ నేరు" అని తనూ అంది. దాని వెనక పిల్ల ఏదో తిట్టినట్టు అరుస్తోంది. మాటలు వస్తున్నాయట. ఇంకా కళ్ళు తిరుగుతున్నాయా అని అడిగితే, "రోజూ" అంది బంగారి. "పిల్లకి మాత్రం తిరగవు. నేల మీద పరిగెట్టేత్తన్నాది."

ఒడ్డు కేంద్రం వాళ్ళు ఈ దినచర్యలో వరస తప్పినందుకు మళ్ళీ మందలించారు. కెరటం గడిలో మామూలు అనో కాదనో, రెండిట్లో ఒకటే రాయాలట. నేను రాయను. ఆ మాట ఇక నా నోట రాదు, అందరికీ చెప్పేశాను. కంబం మీద కళ్ళు అడుగు నుంచి తెరుచుకునే ఉన్నాయి. పాట్లో తాళ్ళు దించినప్పుడు మా వాళ్ళందరూ వాటిని చూస్తున్నారు. వాటితోనే చెబుతాను, వాళ్ళకి అర్థమవుతుంది.

భాద్రపదం, బుధవారం
గాలి: నైరుతి, జోరు. దీపం: పచ్చ. కెరటం: మా అత్త కాపరానికొచ్చినేడు నేల మీద కూర్చుని పెట్టిన కళ్ళకి నిలువెత్తు పైన.